గూటి ముంగిట కెమెరా

ఎండలు ముదిరి కృష్ణా, గోదావరి నదుల్లో నీరు తీయగానే ఇసుక తిన్నెలు బయటపడతాయి. తీతువులు, రివర్ టెర్న్‌లు ఆ తిన్నెల మీదే గుడ్లు పెడతాయి. వాటికి పుల్లలతో అల్లిన గూడంటూ ఉండదు. ఇసుకలో అరచేతిలో పట్టేంత గుంట, అందులో ఇసుకలో ఇసుకలా కలిసిపోయే మచ్చల గుడ్లు మూడో, నాలుగో ఉంటాయి. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ తిన్నె మీద చెప్పులు లేకుండా అడుగు మోపలేం. అంత వేడిలో తల్లి పక్షి గుడ్ల మీద కూర్చునేది పొదగడానికే కాదు, నీడ పట్టడానికి కూడా. తీతువైతే నీటి అంచుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. ఆ గుంటకు నాలుగు బారల దూరంలో ఒక మనిషి కెమెరాతో బోర్లా పడుకొని అరగంట పాటు ఉండిపోతే, పక్షి చుట్టూ తిరుగుతూ అరుస్తుందే తప్ప గుడ్ల దగ్గరికి రాదు. 40 డిగ్రీలు దాటిన ఎండలో అరగంట నీడ కరవైతే గుడ్డులోని పిండం బతకడం కష్టం. ఆ మనిషికి పక్షి మీద ద్వేషమేమీ లేదు. బహుశా ఆ చుట్టుపక్కల అందరికంటే అతనికే పక్షులంటే ఎక్కువ ఇష్టం. ఈ ప్రమాదాన్ని గుర్తించడంలో మన సమాజం ఆలస్యం చేయడానికి కారణం కూడా అదే.

వేట అనగానే మనకు తుపాకీ, ఉచ్చు, విషపు ఎర గుర్తుకొస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అంతటితో ఆగలేదు. జంతువును తరమడం, ఎర చూపి రప్పించడం, అందుకు ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అడవి పక్షుల, సరీసృపాల గుడ్లను పాడుచేయడంతో పాటు వాటి గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్ని సైతం అదే నిర్వచనంలో చేర్చింది. మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి విషయంలో ఈ నేరానికి కనీస శిక్ష మూడేళ్ల జైలు. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అనుమతి ఇవ్వవచ్చునన్న నిబంధనకు 2022లో జరిగిన సవరణ ఒక షరతును తగిలించింది. ఆవాసంలో ఏ మార్పూ చేయకూడదు. ఆవాసానికి గానీ అందులోని ప్రాణులకు గానీ ప్రతికూల ప్రభావం కలగకూడదు. చట్టంలో ఇంత స్పష్టత ఉన్నా, గూటిని కలవరపెట్టి తీసిన ఫొటోను నేరానికి సాక్ష్యంగా చూసే అలవాటు మనకింకా రాలేదు. అటువంటి చిత్రానికి అభినందనలు వస్తున్నాయి, ఒక్కోసారి బహుమతులూ వస్తున్నాయి.

ఛాయాచిత్రకళను దోషిగా నిలబెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. చంపిన పులి మీద కాలు మోపి ఫొటో దిగడం హోదాకు చిహ్నంగా చలామణి అయిన రోజుల్లో, శివాలిక్ అడవుల్లో అటవీ అధికారిగా ఉన్న ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టాడు. జంతువుల దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, రాత్రివేళ నడిచి వచ్చే పులి దాన్ని తాకితే దాని బొమ్మ అదే పడే ఏర్పాటు చేశాడు. పులిని చంపకుండానే అడవి నుంచి తెచ్చుకోవచ్చని 1927లో వెలువడిన ఆయన పుస్తకం లోకానికి చూపింది. అదే సూత్రం మీద నడిచే కెమెరా ట్రాప్‌లు నేడు దేశవ్యాప్త పులుల గణనకు ఆధారం. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చితే దాదాపు 3.48 కోట్ల చిత్రాలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. మనిషి అక్కడ లేకుండా తీసిన చిత్రాలివి. చెరువుల ఆక్రమణను, మురుగు చేరికను, ఒకప్పుడు వచ్చి ఇప్పుడు రాని పక్షులను సాక్ష్యాలతో నమోదు చేసిన ఔత్సాహికులు తెలుగు నేల మీదా తక్కువమంది కాదు. వారి సేవను కాదనలేం. కాదనలేం కనుకనే, అదే కెమెరా పేరుతో జరుగుతున్న హాని గురించి వారే ముందుగా మాట్లాడాలని కోరుతున్నాం.

మారింది పరికరం ఒక్కటే కాదు, దాన్ని పట్టే చేతుల సంఖ్య కూడా. ఫిల్ము రోజుల్లో ఒక రీలుకు 36 చిత్రాలు. ప్రతి నొక్కుకూ ఖర్చు ఉండేది, ఓర్పు అవసరమయ్యేది. నేడు సెకనుకు ఇరవై చిత్రాలు తీసే కెమెరాలు, 600 మి.మీ. దాకా లాగే జూమ్ లెన్సులు నెలవారీ వాయిదాల మీద మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాయి. చేతిలోని ఫోను సరేసరి. సాంకేతికత అందరికీ చేరడం మంచిదే. దాంతో పాటు చేరవలసిన క్రమశిక్షణ చేరలేదు. పక్షి పేరు తెలియకముందే దాని చిత్రం కావాలి. అది ఏ కాలంలో గూడు కడుతుందో తెలుసుకోకముందే గూటి దగ్గరి చిత్రం కావాలి. వారాంతం వస్తే నగరాల నుంచి బృందాలు బయలుదేరతాయి. వాట్సాప్‌లో ఒకరు చిత్రం పెడితే, దాని కింద మొదట వచ్చే ప్రశ్న ‘లొకేషన్ ఎక్కడ?’ అన్నదే. జవాబు అందిన మర్నాటి ఉదయానికి ఆ పొద ముందు పది మంది, ఆదివారానికి ముప్పై మంది.

ఆ పొద ముందు ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. పొదల్లో ఉండే పక్షి గూడును అందరికీ కనిపించేలా కట్టదు. ఆకుల చాటున, ముళ్ల మధ్యన, ఎండ పడని వైపున కడుతుంది. అది ఫొటోకు అనువు కాదు. అడ్డొచ్చిన రెండు రెమ్మలు విరుస్తారు, నాలుగు ఆకులు తుంచుతారు. ఫొటో అయ్యాక కొమ్మను మళ్లీ దగ్గరకు లాగి కట్టే సౌమ్యులూ ఉన్నారు గానీ తుంచిన ఆకు తిరిగి అతుక్కోదు. అప్పటిదాకా నీడలో ఉన్న రెక్కలు రాని పిల్లల మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది. పైన ఎగిరే కాకికి గూడు స్పష్టంగా కనిపిస్తుంది. గడ్డిలో మనుషులు తొక్కిన బాట నేరుగా గూటి దగ్గరికే దారి తీస్తుంది. ఆ బాట వెంట ముంగిసా పిల్లీ వస్తాయి. మూడో రోజుకు గూడు ఖాళీ అవుతుంది. నష్టం జరిగిన సమయానికి ఫొటో తీసినవారు అక్కడ ఉండరు. కాబట్టి తామేం చేశారో వారికి ఎన్నటికీ తెలియదు. చాలామంది నిజాయితీగానే తమ వల్ల ఏ హానీ జరగలేదనుకుంటారు. ఈ వ్యవహారంలో విషాదం అదే.

మరో పద్ధతి కూత వినిపించడం. పొన్నంగి పిట్ట వంటి పొదలచాటు పక్షులు బయటకు రావు కనుక, ఫోనులో దాచిన కూతను చిన్న స్పీకరు ద్వారా వినిపిస్తారు. తన హద్దులోకి వేరొక మగ పక్షి చొరబడిందని భ్రమించిన పక్షి మేత మాని బయటకు వస్తుంది. కనపడని ప్రత్యర్థిని వెతుకుతూ కొమ్మ కొమ్మకూ దూకుతుంది. కెమెరాకు కావలసిన భంగిమ దొరుకుతుంది. ఒక్కసారి జరిగితే పక్షి తట్టుకుంటుందేమో. సంతానకాలంలో పూటకు మూడు బృందాలు అదే పని చేస్తే గూటి వద్ద గడపవలసిన సమయం, పిల్లలకు మేత తేవలసిన శక్తి ఈ లేని శత్రువు కోసం ఖర్చవుతాయి. గుడ్లగూబల కళ్లలోకి టార్చి, ఫ్లాష్ వేయడం, డేగల కోసం బతికున్న ఎలుకను కట్టి ఎరవేయడం, ఊసరవెల్లిని పట్టి నేపథ్యం బాగున్న కొమ్మకు మార్చడం, పురుగులను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి కదలలేని స్థితిలో ఫొటో తీయడం వంటి పనులకు ఈ అభిరుచిలో ‘టెక్నిక్’ అన్న గౌరవనామం ఉంది. వీటిలో కొన్ని చట్టం చెప్పిన వేట నిర్వచనంలోకి నేరుగా వస్తాయి. మిగతావి రాకపోయినా ప్రకృతిని చూపుతున్నామన్న మాట మాత్రం అబద్ధమవుతుంది.

కూటమిగా గూళ్లు కట్టే పక్షులకు ముప్పు మరో రూపంలో ఉంది. 1976లో అభయారణ్యమైన నేలపట్టులో నీట నిలిచిన చెట్ల మీద గూడబాతులు వందల సంఖ్యలో గూళ్లు పెడతాయి. గుంటూరు సమీపాన ఉప్పలపాడు చెరువులోనూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యలోనే పిల్లల్ని పెంచుకుంటున్నాయి. సైబీరియా నుంచి వచ్చాయని జనం చెప్పుకునే ఈ పక్షుల్లో అధికభాగం నిజానికి మన ఉపఖండపు పక్షులే; ఆ పొరపాటు ఎలా ఉన్నా, వాటిని ఆడపడుచుల్లా చూసుకున్న ఆ గ్రామాల సంస్కారం మాత్రం గొప్పది. అటువంటి కొలువుల మీదుగా ఒక డ్రోన్ తక్కువ ఎత్తులో ఎగిరితే ఏం జరుగుతుంది? పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ కుదుపులో పిల్లలు గూటి నుంచి జారి కింద పడతాయి. కింద పడిన గూడబాతు పిల్లకు తల్లి మేత పెట్టదు. పెద్దవి తిరిగి వచ్చేలోపు కాకులూ గద్దలూ తమ పని ముగిస్తాయి. అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన బోల్సా చికా వద్ద 2021 మే నెలలో అనుమతి లేని డ్రోన్ ఒకటి టెర్న్‌ల కొలువులో కూలితే, బెదిరిన పక్షులు సుమారు 1,500 గుడ్లను వదిలేసి వెళ్లిపోయాయి. ఒక్క యంత్రం, ఒక్కరోజు.

పులికాట్ వంటి చోట ప్రమాదం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. రాజహంసలు తల కిందికి వంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి, చిన్నచిన్న జీవులను తింటాయి. కడుపు నిండాలంటే గంటల తరబడి అదే పనిలో ఉండాలి. అవి నిలబడి మేస్తుంటే ఫొటో సాదాగా వస్తుందని, రెక్కల లోపలి ఎరుపు కనిపించాలని, పడవను మందలోకి పోనివ్వమని అడిగేవారున్నారు. చప్పట్లు కొట్టేవారు, రాళ్లు విసిరేవారూ ఉన్నారు. ఇంత పెద్ద పక్షి లేవాలంటే నీటి మీద కొంతదూరం పరుగెత్తాలి. ప్రతి లేపుడుకూ మేతా పోతుంది, బలమూ పోతుంది. అయిదు నిమిషాల్లో మళ్లీ వాలాయి కదా అని చూసేవారు సమాధానపడతారు. రోజుకు ఎన్ని పడవలు వెళ్తున్నాయో, సీజనుకు ఎన్ని వారాంతాలో లెక్కవేసే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోవడం లేదు.

అరుదైన ప్రాణుల విషయంలో పొరపాటుకు తావే లేదు. కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లో తిరిగే కలివికోడి ఎనభై ఏళ్లకు పైగా ఎవరికంటా పడక, అంతరించిపోయిందనే అనుకున్న తరుణంలో 1986 జనవరిలో స్థానికుల సాయంతో తిరిగి కనిపించింది. దానికోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో దాని ఆవాసంలో కాలువ తవ్వకం మొదలైతే నిరసనలు వచ్చి కాలువ దారినే మార్చవలసి వచ్చింది. అంత ప్రయాసపడి కాపాడుకున్న పొదల్లోకి, రాత్రిపూట మాత్రమే తిరిగే ఆ పక్షి కోసం టార్చిలైట్లతో, స్పీకర్లతో ఔత్సాహికులు బయలుదేరితే జరిగే నష్టం ఆ కాలువ చేయబోయిన హానికి తీసిపోదు. బట్టమేక పక్షి కథ ఇంకా విచారకరం. దానికోసం 1988లో రోళ్లపాడు పచ్చికబయళ్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు పెట్టే పక్షి అది. ఆ ఒక్క గుడ్డూ పోతే ఆ ఏడాది పోయినట్టే. రోళ్లపాడులో దాన్ని చూడటం ఇప్పుడు దాదాపు అసాధ్యం. దాని క్షీణతకు ఫొటోగ్రాఫర్లు కారణం కారు; పచ్చికబయళ్లు పొలాలుగా మారడం, వేట, కరెంటు తీగలు అసలు కారణాలు. అయితే ఆ స్థితికి చేరిన ఏ ప్రాణికైనా చివరి దెబ్బ ఎవరి చేతి నుంచైనా తగలవచ్చు.

ఇటువంటి ప్రాణుల ఉనికిని బయటపెట్టేది చాలాసార్లు మాట కాదు, చిత్రమే. ఫోనుతో తీసిన ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదై ఉండవచ్చు. దాన్ని అలాగే సామాజిక మాధ్యమంలో పెట్టడమంటే వేటగాడికి దారి చెప్పడమే. పక్షుల వివరాలు నమోదుచేసే అంతర్జాతీయ వేదిక ఈబర్డ్, ముప్పు ఎక్కువగా ఉన్న జాతుల స్థలాలను బహిరంగంగా చూపదు. శాస్త్రజ్ఞులు పాటించే ఈ గోప్యతను సరదాకు వెళ్లేవారు పాటించనక్కర్లేదా?

పులుల అడవుల్లో ఇదే ఆత్రం వాహనాల రూపం ఎత్తుతుంది. పులుల అభయారణ్యాల పర్యాటకానికి 2012లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు జంతువుకు కనీసం 20 మీటర్ల దూరం పాటించాలని, వాహనానికీ వాహనానికీ మధ్య 50 మీటర్లు ఉండాలని, చుట్టుముట్టడం, ఎర వేయడం కూడదని చెప్పాయి. 2024 డిసెంబరు ఆఖరులో మహారాష్ట్రలోని ఉమ్రేడ్ కర్హాండ్లాలో ఒక ఆడపులినీ దాని అయిదు పిల్లలనూ సఫారీ వాహనాలు ముందూ వెనుకా అడ్డగించి నిలిచాయి. ఆ వీడియో బయటికొచ్చాక న్యాయస్థానం తనంతట తానే విచారణకు స్వీకరించింది. డ్రైవర్లు, గైడ్ల మీద చర్యలు తీసుకున్నారు. వెనుక సీట్లలో నిలబడి ‘ఇంకాస్త ముందుకు పోనివ్వు’ అన్నవారి సంగతి అంతగా చర్చకు రాలేదు. మన్ననూరు మీదుగా ఫర్హాబాద్‌లోనూ, శ్రీశైలం దారిలో తుమ్మలబైలులోనూ, బైర్లూటి, పచ్చర్ల శిబిరాల్లోనూ నల్లమల సఫారీలు ఇప్పుడిప్పుడే ఊపందుకుంటున్నాయి. ఇతర రాష్ట్రాల రద్దీ ఇక్కడింకా లేదు. తప్పు జరిగాక దిద్దుకోవడం కాదు, జరగకముందే హద్దు గీసుకునే అవకాశం మనకుంది. తరాలుగా ఆ అడవిలో మసలుతున్న చెంచులకు ఏ వాగు దగ్గర ఎప్పుడు ఆగకూడదో తెలుసు. ఆ ఎరుకను నిబంధనగా మార్చి, దాన్ని అమలుచేసే అధికారం కూడా వారికి ఇవ్వవచ్చు. ప్రస్తుతం వారి మాట కంటే టికెట్ కొన్నవారి మాటకే విలువ ఎక్కువ.

మనిషి ప్రాణం సంగతి కూడా ఇందులో ఉంది. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు మధ్య ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకెక్కిన సెల్ఫీ మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 259 మంది చనిపోయారని తేల్చింది. అందులో అత్యధికులు భారతీయులే. నీట మునగడం ప్రధాన కారణం. కుంటాల జలపాతం వద్ద గల్లంతైనవారి వార్తలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. 2023 జూలై వానల్లో ములుగు జిల్లాలోని ముత్యంధార జలపాతం చూడబోయిన పదుల మంది పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే, వారిని బయటికి తేవడానికి సహాయక బృందాలు చీకట్లో నడవవలసి వచ్చింది. పార్వతీపురం మన్యంలోనూ, చిత్తూరు సరిహద్దు పల్లెల్లోనూ ఏనుగుల గుంపు దిగిందని తెలియగానే ఫోన్లు పట్టుకొని ఎదురెళ్లే యువకులు, రాత్రంతా టముకు వేస్తూ పంట కాచుకునే రైతుకు అదనపు బెడద. రెచ్చిన ఏనుగు ఫొటో తీసినవాడినే వెతికి తొక్కదు; మర్నాడు పొలానికి పోయే కూలీ దానికి ఎదురుపడతాడు.

జీవుల సంగతి ఇలా ఉంటే, కదలని కొండలకు ఫొటోతో ఏం ముప్పని అడగవచ్చు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి తెల్లవారుజామున కనిపించే మేఘాల చిత్రాలు కొన్నేళ్లలో ఆ గిరిజన గ్రామాన్ని పర్యాటక కేంద్రంగా మార్చాయి. లంబసింగి ముందే ఆ బాట పట్టింది. ఆదాయం వచ్చింది; దాంతో పాటు ప్లాస్టిక్ సీసాలు, కొండ దారి పొడవునా వాహనాల బారులు, వేకువజాము గోల కూడా వచ్చాయి. ఒక ప్రదేశం ఎంతమందిని భరించగలదో తేల్చకముందే దాని చిత్రం లక్షలమందికి చేరిపోతోంది. ఇక్కడ తప్పు ఫొటోది కాదు, లెక్క కట్టని పాలనది.

ఈ ధోరణికి ఇంధనం ఎక్కడిదో చూడకుండా చిన్న మనుషులను తప్పుపట్టడం న్యాయం కాదు. అరుదైన క్షణానికి విలువ కట్టి, ఆ క్షణాన్ని ఎలా సాధించారో అడగని వేదికలే అసలు ఇంధనం. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే ప్రఖ్యాత పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన, కంచె దాటుతున్న తోడేలు చిత్రాన్ని మరుసటి ఏడాది జనవరిలో అనర్హమని ప్రకటించారు. అది శిక్షణ పొందిన పెంపుడు తోడేలని నిర్వాహకులు నమ్మడమే కారణం. అదే పోటీలో బహుమతి పొందిన పిపీలికభక్షిణి చిత్రం, అందులో ఉన్నది గడ్డి కూరిన జంతువేనన్న అనుమానంతో 2018లో బహుమతిని కోల్పోయింది. అంత కట్టుదిట్టమైన పోటీలోనే మోసం నెగ్గుకురాగలిగితే, జిల్లా స్థాయి ఫొటో పోటీల్లో, పండుగ సంచికల్లో, ‘మీ కెమెరా’ శీర్షికల్లో ఏం జరుగుతోందో ఊహించవచ్చు. తల్లి నోటి నుంచి పిల్ల నోటికి పురుగు అందుతున్న చిత్రం ముచ్చటగానే ఉంటుంది. అది ప్రచురించిన ప్రతి పత్రికా అటువంటివి ఇంకో పది తీసుకురమ్మని పాఠకులకు చెబుతున్నట్టే. దసరాకు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకం, దాన్ని పట్టి బంధించి గుళ్ల ముందు డబ్బుకు చూపే స్థితికి ఎలా దిగజారిందో తెలుగువారికి తెలుసు. దర్శనం కోసం పక్షిని హింసించడం మనకు కొత్త కాదు.

కొందరు అభ్యంతరం చెబుతారు. చెరువులు పూడ్చేవారిని, పురుగుమందులు చల్లించేవారిని, అడవిలో ఉచ్చులు పన్నేవారిని వదిలి, ప్రకృతిని ప్రేమించే నలుగురి మీద పడటమెందుకంటారు. ఆ వాదనలో బలముంది. ఆవాస నష్టంతో పోలిస్తే కెమెరా వల్ల జరిగే నష్టం చిన్నదే. అయితే ఆవాసం కుంచించుకుపోయిన కొద్దీ మిగిలిన చిన్న చెరువు మీదకే, మిగిలిన ఒక్క పొద మీదకే కెమెరాలన్నీ తిరుగుతాయి. ఒకప్పుడు వంద చోట్ల పంచుకున్న కలవరం ఇప్పుడు రెండు చోట్ల పేరుకుంటోంది. పైగా ఆవాస నష్టాన్ని ఆపడానికి ఏళ్లూ కోట్లూ కావాలి. గూటి నుంచి పది అడుగులు వెనక్కి జరగడానికి అవేవీ అక్కర్లేదు. ఇంకో అభ్యంతరం నిషేధం గురించి. అడవుల్లో కెమెరాలను మొత్తంగా నిషేధించాలని మేం అడగడం లేదు. నిషేధిస్తే చట్టాన్ని గౌరవించేవారు మాత్రమే ఇంటి దగ్గర ఉంటారు. అడవిలో జరిగే అక్రమాలను చూసే కళ్లు తగ్గుతాయి.

అడుగుతున్నది బాధ్యతను బాధ్యులకు పంచమని. అభయారణ్యాలను నిర్వహించే యంత్రాంగం ప్రవేశానుమతి పత్రం మీదనే గూళ్లను, గుడ్లను కలవరపెట్టి ఫొటోలు తీయడం నేరమని స్పష్టంగా ముద్రించాలి. సంతానకాలంలో కొలువుల చుట్టూ కనీస దూరాన్ని నిర్ణయించి, కర్రలు పాతి హద్దు చూపాలి. కూత వినిపించే స్పీకర్లను, డ్రోన్లను ప్రవేశద్వారం దగ్గరే ఆపాలి. అభయారణ్యం హోదా లేని ఊరి చెరువుల్లో ఈ అధికారం స్థానిక సంస్థలకు దక్కాలి; తేలినీలాపురం, ఉప్పలపాడు వంటి గ్రామాలు చట్టం అండ లేకుండానే ఇన్నాళ్లూ ఆ పని చేశాయి. పర్యాటకాన్ని పెంచే విభాగాలు ఒక కొండకో జలపాతానికో ప్రచారం కల్పించేముందు అది రోజుకు ఎంతమందిని భరించగలదో ప్రకటించాలి. పోటీలు పెట్టేవారు గూటి చిత్రాలను స్వీకరించబోమని నిబంధనల్లో మొదటి వాక్యంగా రాయాలి. ఎలా తీశారో రాతపూర్వకంగా అడగాలి. పత్రికలు, ఛానెళ్లు అదే కట్టుబాటును తమకు తాము విధించుకోవాలి. ఫొటోగ్రఫీ శిక్షణ ఇచ్చేవారు లెన్సు గురించి చెప్పేముందు సంతానకాలం గురించి చెప్పాలి.

వీటన్నిటికంటే ముందు సరిచేయవలసింది గైడు, పడవ నడిపేవారి ఆదాయం. పులి కనిపించినందుకు, మంద లేచినందుకు చేతిలో పడే బక్షీసు మీదే అతని నెల గడుస్తున్నప్పుడు, దూరం పాటించమని చెప్పడం అతని కడుపు మీద కొట్టడమే. నెలజీతమో, దినవేతనమో స్థిరంగా ఇచ్చి, నియమం మీరమన్న సందర్శకుడిని వెనక్కి తిప్పి తీసుకొచ్చే హక్కును అతనికి ఇవ్వాలి. తిప్పి తెచ్చినందుకు అతని మీద ఫిర్యాదు వస్తే నిలబడే అధికారి కావాలి.

అక్టోబరులో నేలపట్టు చెట్లకు గూడబాతులు చేరడం మొదలవుతుంది. ఆ తరువాత కొద్ది వారాలకే పులికాట్‌లో మందలు దిగుతాయి. ఆలోగా ఈ నిబంధనలను తెలుగులో, తమిళ సరిహద్దున తమిళంలో కూడా రాయించి ప్రవేశద్వారాల వద్ద, పడవ రేవుల వద్ద పెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు, పెద్ద నిధులూ అవసరం లేదు. ఉన్న చట్టం కింద ఉన్న సిబ్బంది ఒక ఉత్తర్వుతో చేయగల పని అది.